పేరుబలం

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ జారిపోయి ఉంటాయి. చదివేవాళ్లు పెద్దమనసు చేసుకుని సర్దుకోండి. తల నెరిసినాక నేర్చిన అక్షరాలు నావి. ఒక్కో మాటను తడిమి చూసుకుంటే గానీ కాగితం మీద పెట్టలేను. కథ కూడా నాతో పాటే నిదానంగా నడుస్తుంది, విసుక్కోవద్దు.

*

మహాదేవమ్మ చేతిని కొంగుకు తుడుచుకుని మౌసు పట్టుకుంది. తెర మీద మగ్గం బొమ్మ ఉన్న చిన్న గుర్తు మీదికి బాణాన్ని తెచ్చి రెండుసార్లు నొక్కింది. బాణం పక్కన నీలం ఉంగరం ఒకటి పుట్టి గిరగిరా తిరిగింది. ఉంగరం మాయమైంది. తెర ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. ఏదీ తెరుచుకోలేదు. ఫలానా తప్పు జరిగిందని చెప్పే మాట కూడా ఒక్కటీ రాలేదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ ఉంగరం. మళ్లీ ఏమీ లేదు.

"వాకిటి దాకా వచ్చి, మన మొగం చూసి తిరుక్కోని పోయే చుట్టం మాదిరి ఉండాది వదినా," అన్నాడు ఈరన్న, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, పేక పోగును అటూ ఇటూ దాటించే నాడెను చేత్తో పట్టుకుని కూర్చున్నచోటి నుంచే.

"నువ్వు ఊరుకో ఈరన్నా. దాని పాపాన అదే తెరుచుకుంటాది."

"ఊరుకోక ఏం చేస్తాండా? నాడె పట్టుకోని పొద్దన్నుంచి ఊరుకునే ఉండా గదా."

మాధవరంలో మహాదేవమ్మ ఇంటి వసారాలో రెండు మగ్గాలు. ఒకటి వరసకు మరిదయ్యే ఈరన్న నేస్తాడు, ఒకటి మహాదేవమ్మ నేస్తుంది. రెండింటి మీదా కొత్త పడుగులు ఎక్కి ఉన్నాయి. ఎక్కినా ఏం లాభం? అంచు బొమ్మకు అట్టలు కావాలి. బొమ్మను కంప్యూటర్లో గడులు గడులుగా నింపి పెన్‌డ్రైవులో ఇస్తే, కడపలో అట్టలు కొట్టేవాడు ఆ ప్రకారం చిల్లులు పొడిచి దండగా కట్టి ఇస్తాడు. ఆ దండను మగ్గం పైన జాకార్డుకు తగిలిస్తే ఏ పోగు లేవాలో, ఏ పోగు పడి ఉండాలో ఆ చిల్లులే చెబుతాయి. కాగితం మీద గీసిచ్చిన బొమ్మను చూసి అట్టలు కొట్టే కాలం పోయింది. మొన్నటి గాలివానకు పిడుగు పడి పాత కంప్యూటరు కాలిపోయింది. ఈ పెట్టె కడపలో ఉమామహేశ్ అంగడిలో కొన్నది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆయనే ఎక్కించి ఇచ్చాడు.

తెర మీది మాటలన్నీ ఇంగ్లీషువి. మహాదేవమ్మ వాటిని చదవదు. కొత్త ఊరిలో సందులు గుర్తుపెట్టుకున్నట్లు వాటి తావులు గుర్తుపెట్టుకుంది. మొగుడు పోయినాక సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నది తెలుగే. పెట్టె కొన్నరోజున, "ఎవరి పేరు పెట్టల్ల పెద్దమ్మా?" అని ఉమామహేశ్ అడిగితే, తెలుగు మీటలు పెట్టించుకుని, ఒక్కో అక్షరం వెతికి, 'మహాదేవమ్మ' అని తానే కొట్టింది. మొగుడి పేరు కింద కాకుండా, బావ పేరు కింద కాకుండా ఒక వస్తువు మీద తన పేరు పడడం అదే మొదలు.

ఇప్పుడు ఫోను చెవికి ఆనించుకుని ఆ పేరు పక్కనే వేలు పెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఒకసారి ఆపి మళ్లా పెట్టు," అన్నాడు అవతల ఉమామహేశ్.

"పెట్టినా నాయనా."

"ఉత్తగా కాదు, పూర్తిగా ఆపల్ల."

"గోడ కాడ తీగ గూడా పీకి పెట్టినా."

"సరే, ఆ గుర్తు మీద మౌసు కుడిపక్క నొక్కు. వరసగా మాటలొస్తాయి. డాలు బొమ్మ ఉండేది నొక్కు. ఏదో అడుగుతాది, ఎడమపక్కది నొక్కు."

నొక్కింది. "ఉంగరం వచ్చింది నాయనా..." అని ఆగింది. "పోయింది."

వైరస్‌కు కాపలా ఉండేదాన్ని కాసేపు ఆపమన్నాడు. ఆపింది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. పచ్చగీత కొస దాకా పాకే వరకు రెప్ప వేయకుండా చూసి, ఎక్కించింది. ఎక్కేటప్పుడు మాత్రం బుద్ధిగా ఎక్కుతుంది. ఎక్కినాక పిలిస్తే పలకదు.

"నువ్వేదో నొక్కకూడనిది నొక్కింటావులే," అన్నాడు ఉమామహేశ్ చివరికి. ఆయన గొంతులో విసుగు లేదు. అంగడిలో ఎవరో పిలుస్తుంటే పోవాలన్న తొందర ఉంది, అంతే. అయినా ఆ మాట మహాదేవమ్మకు ముల్లులా దిగింది. ఏదీ నొక్కలేదని ఎట్లా చెప్పుకోవాలి? ఏది ఏమిటో చదవలేని మనిషి, తప్పు నొక్కలేదని ప్రమాణం ఎట్లా చేస్తుంది?

సాయంత్రం బావ ఓబుళేశు వచ్చాడు. మొగుడికి అన్న. పడుగులిచ్చి, చీరలు తీసుకుని, అంగళ్లకు వేసే సావుకారు కూడా ఆయనే. చెప్పులు విడవకుండా వసారా అంచున నిలబడి రెండు మగ్గాలనూ చూశాడు. పడుగు మీద వేలితో మీటి చూశాడు.

"గంజి ఎండిపోతాండాది."

"నీళ్లు చల్లుతానే ఉండాం బావా."

"నీళ్లు చల్లితే చీర అయితాదా మహాదేవమ్మా? శ్రావణం వస్తాండాది. వరలక్ష్మి వ్రతానికి అందకపోతే ఆ చీరల్ని మళ్లా ఎవురు అడుగుతారు? శనివారం లోపల అట్టలు ఎక్కల్ల. లేదంటే పడుగులు కోసుకోని వేరే మగ్గాలకు ఇస్తా. నన్ను తప్పు పట్టొద్దు."

ఆయన పోయినాక ఈరన్న గుంటలోంచి పైకి వచ్చి, కాళ్లకు పట్టిన తిమ్మిరి పోయేదాకా మోకాళ్లు రుద్దుకున్నాడు. "తుమ్మలపల్లె గనిలో మా బామ్మర్ది ఉండాడు వదినా. కాంట్రాక్టు పని ఇప్పిస్తానంటాండాడు." ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "ఇప్పుడే పోతానని కాదులే."

మహాదేవమ్మ తెర మీద పాత చీరముక్క కప్పింది. కప్పి, మళ్లీ తీసింది. మళ్లీ నొక్కింది.

*

తెల్లారి పెట్టెను దుప్పట్లో చుట్టుకుని కడప బస్సెక్కింది. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. కండక్టరు దగ్గరికొచ్చి తొంగిచూశాడు.

"ఏమ్మా, బిడ్డనా?"

"కంప్యూటరప్పా."

"నీకంటే ఉచితం. దానికి టికెట్టు కొట్టల్ల గదా!"

బస్సులో నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, భాకరాపేట దాటేదాకా చేతులు సడలించలేదు. రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పెట్టెను పైకి లేపి పట్టుకుంది.

అంగడిలో ఉమామహేశ్ తీగలు తగిలించి పెట్టెను లేపాడు. మరమ్మతుకు వచ్చిన ప్రతి పెట్టెలోనూ అంగడి పేరుతో లోపలికి పోయేందుకు ఒక దారి పెట్టుకోవడం, పని కాగానే తుడిచేయడం ఆయన అలవాటు. అట్లానే లోపలికి పోయి మగ్గం గుర్తు నొక్కాడు. ఉంగరం తిరిగింది.

తెర నిండా తెల్లటి గడులు పరుచుకున్నాయి.

మహాదేవమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "తెరుచుకునింది!"

"తెరుచుకోక? బంగారం మాదిరి ఉండాది పెట్టె. కూచో, గీసి చూసుకో."

కూర్చుంది. తాను కాగితం మీద గీసుకున్న తంగేడు కొమ్మలో ఒక రెక్కను గడుల్లో నింపింది. మౌసు మొదట బెదిరినా, తర్వాత ఆమె చేతికి లొంగింది. ఒక రెక్క, పక్కన ఇంకొక రెక్క, నడుమ కాడ. తంగేడు పసుపు తెర మీద పూసింది. ఎన్ని దినాలైంది ఆ చేతికి పని దొరికి!

"చూసినావా," అన్నాడు ఉమామహేశ్ పెట్టెకు మరలు బిగిస్తూ, "మిషన్‌ది ఏం తప్పు లేదు."

మిగతాది ఆయన అనలేదు. అనకపోయినా ఆమెకు వినబడింది.

ఇంటికి తెచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా తీగలు తగిలించింది. తెర వెలిగింది. తన పేరు వచ్చింది. లోపలికి పోయింది. నొక్కింది.

ఉంగరం తిరిగింది. మాయమైంది.

ఈరన్న వచ్చి వెనక నిలబడ్డాడు. "కరెంటు తక్కువ ఉండాదేమో," అన్నాడు. ఇద్దరూ కలిసి పెట్టెను ఈరన్న ఇంటికి మోసుకుపోయారు. అక్కడ ఇన్వర్టరు ఉంది. అక్కడా ఉంగరమే. మళ్లీ మోసుకొచ్చారు. తూర్పు గోడకు తిప్పి పెట్టారు. దుమ్ము దులిపారు. మగ్గాల గది పొడిగా ఉందని ఒకసారి, చెమ్మగా ఉందని ఒకసారి అనుకున్నారు. ఎండకు ఒళ్లు కాలుతున్నా ఫ్యాను ఆపి, దాని కరెంటు కూడా పెట్టెకే పోనిమ్మన్నారు. నొక్కీ నొక్కీ మహాదేవమ్మ చూపుడువేలు కొస ఎర్రబడింది.

మర్నాడు పొద్దున ఓబుళేశు, ఆయన భార్య గురమ్మ కలిసి వచ్చారు. గురమ్మ మహాదేవమ్మకు తోడికోడలు. పది దాకా చదివింది. తల నిండా కనకాంబరాలు, నుదుట రూపాయంత బొట్టు. మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు, మంచైనా, చెడ్డైనా.

"అంగట్లో తెరుచుకునిందంట గదా?" అంది పీట లాక్కుని కూర్చుంటూ.

"తెరుచుకునిందక్కా."

"ఈడ తెరుచుకోలే. ఈరన్న ఇంట్లో తెరుచుకోలే. అంటే ఇంటిది కాదు, కరెంటుది కాదు." వేళ్లు ముడుచుకుంటూ వచ్చి ఒక వేలి దగ్గర ఆగింది. "ఇంగ మిగిలింది ఏంది మ్మే?"

గురమ్మ చూపు తన బోసి నుదుటి మీద వాలి, పక్కకు తప్పుకోవడం మహాదేవమ్మ చూసింది.

"నిన్ను అనడం కాదు పాపా. నీ మంచికే చెప్తాండా. కొత్త పడుగుకు మొదటి నాడె ఎవురితో ఏయిస్తాము? పసుపు కుంకాలు ఉన్నోళ్లతో ఏయిస్తాము. ఇదీ పనిముట్టే గదా?"

"దీనికేం తెలుసక్కా అయ్యన్నీ?"

"తెలీకపోతే యాల తెరుచుకోదు?"

మహాదేవమ్మ మౌసు తీగను వేలికి చుట్టుకుంది.

ఓబుళేశు గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్ల మాటలని కాదు గానీ, పేరుబలం అనేది ఒకటి ఉండాది మహాదేవమ్మా. చేన్లో బోరు నా పేరు మీద ఎన్నితూర్లు ఏయించినా దుమ్ము లేచింది. అయ్యవారు చూసి, నీ పేరుకు జలం లేదప్పా, ఇంటామె పేరున ఏయించు అన్నాడు. గురమ్మ పేరున ఏయిస్తే నీళ్లు పడినాయి. నేను నామర్దా అనుకున్నానా? ల్యా. పేరు పడకపోతే పడలేదు, అంతే. దీన్ని గూడా గురమ్మ పేరున పెట్టి చూడు."

"చెడిపోయేదేముంది వదినా?" అన్నాడు ఈరన్న మెల్లగా. ఆశ ఎక్కడ కనబడితే అక్కడికి పరిగెత్తే స్థితిలో ఉన్నాడు పాపం. ఇంట్లో చిన్నపిల్లలు.

మహాదేవమ్మే ఫోను చేసింది. పేరు మార్చవచ్చా అని అడిగింది. "మార్చడం కాదు పెద్దమ్మా, ఇంకో పేరు చేర్చుకోని దాంతో పోయి చూడండి. ఒక్కోతూరి అట్ల పనిచేస్తాది," అని ఉమామహేశ్ దారి చెప్పాడు. ఎందుకు పనిచేస్తుందో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు. పేరు కొట్టే చోటు రాగానే గురమ్మ పీట ముందుకు జరుపుకుని, రోజూ ఫోనులో అక్కచెల్లెళ్లకు కొట్టే ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా తన పేరు కొట్టింది.

కొత్త పేరుతో తెర వెలిగింది. మగ్గం గుర్తు మీద నొక్కింది గురమ్మ.

ఉంగరం తిరిగింది. తెర నిండా తెల్లటి గడులు.

ఈరన్న రెండు చేతులూ జోడించాడు, తెరకో గురమ్మకో తెలియదు. ఓబుళేశు తల ఊపాడు, బోరులో నీళ్లు పడినరోజు ఊపినట్లే. గురమ్మ తన కుంకుమ భరిణె తీసి తెర మూలన చిన్న బొట్టు పెట్టింది. తర్వాత మహాదేవమ్మ వైపు తిరిగి, ఆమె గడ్డం పట్టుకుని, "ఏడుస్తాండావా పిచ్చిదానా, పని అయిపాయె గదా," అంది ప్రేమగానే.

పోతూ పోతూ ఓబుళేశు చెప్పాడు. "రేపు శుక్రవారం పొద్దున మంచి గడియ ఉండాది. పెట్టెను మా ఇంటికి మార్పిస్తా. నువ్వు కాగితం మీద గీసియ్యి, గురమ్మ దాంట్లో ఎక్కిస్తాది. నీకూ నొక్కే బాధ తప్పుతాది."

*

వాళ్లు పోయినాక మహాదేవమ్మ కుర్చీలో కూర్చుంది. గురమ్మ పేరు మీద తెరుచుకున్న గడులు ఇంకా అట్లాగే ఉన్నాయి. ముట్టుకోవచ్చా అని ఒక్క క్షణం ఆగింది. తన పెట్టెను ముట్టుకోవడానికి తానే జంకిందని తెలిసి ఒళ్లు మండింది. మౌసు పట్టుకుని ఒక గడి నింపింది. నిండింది. ఇంకొకటి నింపింది. మూసి, మళ్లీ తెరిచింది. తెరుచుకుంది.

చెయ్యి తనదే. చేతిని కాదనడం లేదు పెట్టె.

బయటికి వచ్చి తన పేరుతో పోయింది. ఉంగరం. ఏమీ లేదు.

"పేరే ఈరన్నా," అంది. "నా చెయ్యి పనికొస్తాది. నా పేరే పనికిరాదు."

"ఏదైతే ఏంది వదినా! అట్టలొస్తాయి, మగ్గాలు ఆడతాయి."

"నీ మగ్గం ఆడతాది. నాకు? ముందు పెట్టె పోతాది. నెల పోతే, ఈ కాగితం మీద గీసేది మాత్రం యాల, మాకూ వస్తాదిలే అంటారు. అప్పుడు నేను యాడ కూచోవల్ల? ఆ ఇంటి బొమ్మల్ని నేసే కూలి మనిషిని. అంతే గదా?"

ఈరన్న తల వంచుకున్నాడు. మనసులో ఆ లెక్క ఆయనకూ తెలియనిది కాదు.

శుక్రవారం పొద్దున ఇంకా ఎండ పడకముందే ఆమె ఉమామహేశ్‌కు ఫోను చేసింది. ఏమి అడగాలో తెలియదు. అడిగేందుకు ఇంకెవరూ లేరు, అందుకని చేసింది.

"నాయనా, ఒక మాట నిజం చెప్పు. మనుషుల పేర్లలో మంచియి, చెడ్డయి ఉంటాయా ఆ పెట్టెలకు?"

"ఏం మాట పెద్దమ్మా అది?" ఉమామహేశ్ పళ్లు తోముకుంటున్నట్టున్నాడు. ఉమ్మి వచ్చి మాట్లాడాడు. "తెరుచుకునిందా లేదా?"

"గురమ్మక్క పేరుతో తెరుచుకునింది. నా పేరుతో పోతే తెరుచుకోదు. చెయ్యి నాదే, పెట్టె అదే. పేరొక్కటే తేడా."

"అట్ల ఎట్లయితాది? ఆ యమ్మ పేరు ఏమని కొట్టినారు?"

"గురమ్మ అని."

"అది కాదు. ఎట్ల కొట్టినారు? తెలుగా, ఇంగ్లీషా?"

"ఇంగ్లీషే. ఆ యమ్మకు వస్తాది గదా."

అవతల కొళాయి నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది. అదీ ఆగింది.

"పెద్దమ్మా," అన్నాడు ఉమామహేశ్, "నీ పేరు తెలుగులో ఉండాది. నేనే పెట్టించినా. అయ్యో!" కాసేపు తన్ను తాను తిట్టుకున్నాడు. "తప్పు నాది పెద్దమ్మా. నువ్వు పేరు కొడతానే లోపల ఆ పేరుతో ఒక సంచి తయారవుతాది. సాఫ్ట్‌వేర్ లేచినప్పుడల్లా ఆ సంచి కాడికి పోయి తన సామాను పెట్టుకోవల్ల. ఇది పాతకాలంది. తెలుగు చదవలేదు. సంచి మీది పేరు చదవలేక, ఏం చెయ్యల్లో తెలీక, అట్లనే సచ్చిపోతాది. అంగట్లో తెరుచుకునింది గూడా మా అంగడి పేరు ఇంగ్లీషులో ఉండబట్టే. ఇంగ్లీషులో పేరు పెట్టుకో, పనిచేస్తాది."

మహాదేవమ్మ గోడకు ఆనుకుంది. "అంటే... దానికి చదువు రాదా?"

"తెలుగు రాదు."

"నా మీద ఏం లేదా దానికి?"

"నీ మీద ఏముంటాది పెద్దమ్మా? నువ్వెవరో దానికేం తెలుసు!"

ఆమె నవ్వింది. నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది. అప్పుడే వాకిట్లో ఆటో వచ్చి ఆగింది.

ఓబుళేశు, గురమ్మ దిగారు. గురమ్మ చేతిలో పసుపుబట్ట, పెట్టె మీద కప్పడానికి. మహాదేవమ్మ ఎదురెళ్లి, ఉమామహేశ్ చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. సంచి సంగతి చెప్పింది, తెలుగు సంగతి చెప్పింది. ఓబుళేశు ఓపికగా విన్నాడు. విని, జాలిగా నవ్వాడు.

"అమ్మినోడు ఏదో ఒకటి చెప్పల్ల గదా మహాదేవమ్మా! ఇంత పెద్ద మిషను, తెలుగు రాదంటే నమ్మేదేనా? ఫోన్లో అందరం తెలుగు చదువుతానే ఉండాం."

"నమ్మొద్దు బావా. చూడండి." ఆమె కుర్చీలో కూర్చుంది. ఉమామహేశ్ అంతకుముందు చెప్పిన దారినే ఇంకో పేరు చేర్చే చోటికి పోయింది. తెలుగు మీటలు పెట్టుకుంది. "అక్క పేరే కొడతా. తెలుగులో."

గ. కొమ్ము. ర. మ. కింద మ వత్తు. వెనక నిలబడి గురమ్మ ఆ అక్షరాలు ఒక్కొక్కటిగా పుట్టడం చూసింది. "చక్కగా వచ్చిందే నా పేరు," అని మురిసింది కూడా.

మహాదేవమ్మ ఆ పేరుతో లోపలికి పోయి మగ్గం గుర్తు నొక్కింది.

ఉంగరం తిరిగింది. మాయమైంది.

"చూసినారా?" అని మహాదేవమ్మ ఉత్సాహంగా వెనక్కి తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

గురమ్మ మొగంలో నెత్తురు లేదు. ఆమె చెయ్యి తాళిబొట్టు మీదికి పోయి దాన్ని గట్టిగా పట్టుకుంది. కళ్లు తెరను వదలడం లేదు.

"ఇంకోతూరి నొక్కు," అంది.

"అక్కా..."

"నొక్కు మ్మే!"

నొక్కింది. ఉంగరం పుట్టింది, పోయింది. గురమ్మ పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో. అప్పుడు మెల్లగా తిరిగి మొగుణ్ణి చూసింది. కాలి నుంచి తల దాకా, ఎక్కడ ఏమి దాగి ఉందో వెతుకుతున్నట్లు చూసింది. మొన్న గుండెలో మంటగా ఉందని ఆయన రెండు ముద్దలు తిని లేచిపోయిన సంగతి ఆ చూపులో ఉంది.

రుజువు చూపించాలనుకుంది మహాదేవమ్మ. చూపించింది రుజువు కాదని ఇప్పుడు అర్థమైంది. వారమంతా తన కడుపులో ఉన్న భయాన్ని తీసి ఇంకొకరి కడుపులో పెట్టింది. ఇంతసేపూ ఇది కావాలనే కోరుకుంది కదా, గురమ్మకు ఒక్కసారి తెలియాలని? ఇప్పుడు తెలుస్తుంటే చూడలేకపోయింది. లేచి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"భయపడొద్దక్కా. నీ పేరుకేం కాలేదు. దానికి అక్షరాలు తెలీవు, అంతే. ఒట్టు."

"ఊరుకో." గురమ్మ చెయ్యి విడిపించుకుంది. "ఏమండీ, ఆటో పంపిచ్చేయండి."

"ఏమైందే నీకు? మంచి గడియ దాటిపోతాది..."

"ఈ పెట్టె నా గడప తొక్కకూడదు. వద్దంటి గదా!"

"అట్టల సంగతి?"

"ఆ యమ్మే చేస్తాది. ఈడనే చేస్తాది. నా పేరు దాంట్లో ఉండకూడదు, తీసెయ్యమను. రెండూ!"

ఓబుళేశు భార్యను చూశాడు, తెరను చూశాడు. ఏదో అనబోయి, తన చెయ్యి తన రొమ్ము మీదికి ఎందుకు పోయిందో తెలియక దించుకున్నాడు. వాకిట్లోకి నడిచి ఆటోవాడితో ఏదో మాట్లాడాడు. ఆటో తిరిగింది.

గురమ్మ పేర్లు రెండింటినీ మహాదేవమ్మ తీసేసింది. తీసేముందు ప్రతిసారీ పెట్టె ఒక మాట అడుగుతుంది, ఎడమపక్క నొక్కింది. మళ్లీ కొత్త పేరు చేర్చే చోటు వచ్చింది. ఖాళీ గడిలో నిలువుగీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆమె వేళ్లు మీటల మీద ఆగాయి.

"అక్కా," అంది వెనక్కి తిరక్కుండా. "నాకు ఆ అక్షరాలు రావు. నా పేరు నువ్వే కొట్టియ్యి."

గురమ్మ గడప దాకా పోయింది. అక్కడ ఆగింది. ఎంతసేపటికో తిరిగి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, ఒక చేత్తో తాళి పట్టుకునే, ఇంకో చేతి వేలితో ఒక్కో మీటనూ నొక్కింది. నిన్నటి టకటక లేదు. నడుమ ఒకచోట తప్పి, వెనక్కి వచ్చి, మళ్లీ కొట్టింది. "అయిపాయె," అని, ఇంకేమీ చూడకుండా వెళ్లిపోయింది.

తెర వెలిగింది. మహాదేవమ్మ మగ్గం గుర్తు మీద నొక్కింది. ఉంగరం తిరిగింది. గడులు పరుచుకున్నాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"తెరుచుకునిందా?" గుంటలోంచి ఈరన్న కేక.

"తెరుచుకునింది."

"శనివారానికి అయితాదా?"

"అయితాది. కూచుంటే అయితాది."

ఆమె వెంటనే కూర్చోలేదు. ఒకసారి బయటికి వచ్చి పేర్లుండే తెర దగ్గర ఆగింది. రెండు గుండ్రాలు, రెండింటి కింద రెండు పేర్లు. ఒకటి తాను వెతికి వెతికి కొట్టుకున్నది, ఎంత దూరం నుంచైనా చదవగలదు. దాంతో పోతే పని లేదు. రెండోదాంతో పని ఉంది. దాని మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు జరిపింది. వంకరలు, నిలువుగీతలు, సున్నాలు. ఒక్కటీ పలకలేదు.

"ఏమని కొట్టింది వదినా ఆ యమ్మ?" అన్నాడు ఈరన్న.

మహాదేవమ్మ తెర మీది నుంచి వేలు తీసింది.

"నా పేరేనంట," అంది.

*

ఇది రాసింది భీమమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది డోన్‌లో, రైలుకట్టకు ఈవల, చెల్లెలి ఇంటి వెనక గదిలో.